కటింగు గదిలో రెండో డిస్కు

కటింగు గది,
జూన్ 4

ఒరే చిన్నోడా,

ఉత్తరం చూసి ఎవరికేమైందోనని కంగారుపడకు. ఇక్కడ అందరం గుండ్రాళ్లలా ఉన్నాం. నీ కొండ మీద సెల్లు పలకదు, ఇక్కడ నాది పలికితే నాకంటే ముందు వదిన ఎత్తుతుంది. అందుకని ఉత్తరం. జవాబు మాత్రం ఇంటికి రాయకు. బొత్తాలాయన కొట్టు చిరునామా వెనక రాశాను. పదిహేను రోజులకోసారి బొత్తాల అట్టలు చూపించడానికి వస్తాడు కదా, వాటి మధ్య పెట్టి తెచ్చి ఇస్తానన్నాడు. "ప్రేమలేఖలామ్మా?" అని అడిగాడు కూడా. నలభై మూడేళ్లు వచ్చాక ఆ మాట విని నవ్వాలో ఏడవాలో తెలియక రెండు డజన్లు ఎక్కువ తీసుకున్నాను.

అసలు సంగతికి వస్తాను. నేను బట్టలు కత్తిరించే ప్యాట్రన్లు గీసే కంప్యూటర్‌లో పెట్టడానికి కొత్త హార్డ్ డిస్కు ఒకటి కొన్నాను. పక్క రేకు విప్పి, పాత డిస్కు కింద ఖాళీగా ఉన్న అరలో దీన్ని బిగించి, డబ్బాలో ఇచ్చిన బొమ్మ చూసుకుంటూ కరెంటు వైరూ, డేటా కేబులూ తగిలించాను. నాలుగు స్క్రూలు. చొక్కాకి కాలరు ఎక్కించడం ఇంతకంటే కష్టం. తీరా ఆన్ చేస్తే పాత డిస్కు ఒక్కటే కనిపిస్తోంది. కొత్తది ఉన్నట్టే లేదు. మూడుసార్లు విప్పి మూడుసార్లు బిగించాను. ఉలుకూ లేదు, పలుకూ లేదు.

దేనికిదంతా అంటావా? నీకు తప్ప ఎవరికీ చెప్పలేదు. ఎముకల ఆసుపత్రిలో ఒక కుట్టు విభాగం ఉంది. నడుము పట్టీలు, చేతి ఊతలు, వంకర తిరిగిన ఒళ్లకు సరిపడే బట్టలు అక్కడే తయారుచేస్తారు. మన గూని మాస్టారు అక్కడికి చూపించుకోవడానికి వెళ్తే, పెద్ద డాక్టరమ్మ ఆయన చొక్కా పట్టుకుని ఇటూ అటూ తిప్పి చూసిందట. మన కొట్టు లేబులు మీద అన్నయ్య పేరే ఉంటుంది కదా. "కత్తిరించింది ఈయనేనా?" అని అడిగితే మాస్టారు, "కాదండీ, లోపల గదిలో ఒకావిడ ఉంటుంది" అన్నారట. ఆవిడ కబురు పంపింది. సెప్టెంబరు ఒకటిన చేరమంది. నాకు చదువు తాలూకు కాగితం ఒక్కటీ లేదు, అది ఆవిడకీ తెలుసు. "మీ ప్యాట్రన్లన్నీ పట్టుకురండి, అవే మీ సర్టిఫికెట్లు" అంది. పదకొండేళ్లలో ఆరు వందల నలభై మందివి గీశాను. అన్నీ ఇంటర్నెట్ లేని ఈ పెట్టెలోనే ఉన్నాయి. అవి లేకుండా వెళ్తే నేను మిషను తొక్కే ఇంకో మనిషిని, అంతే. అయినా పాత డిస్కు ఊడబెరికి పట్టుకుపోను. అది దొంగతనం. నా పనికి నకలు తీసుకోవడం దొంగతనం కాదు.

అన్నయ్యని అడగవచ్చు కదా అనకు. అన్నయ్య ఎప్పుడైనా కాదన్నాడా? కాదంటే పోట్లాడవచ్చు. "చూద్దాంలే" అంటాడు. ఆ చూద్దాంలేలోనే నాకు ఇరవై రెండేళ్లు గడిచాయి.

ఆరేళ్ల కిందట పెన్‌డ్రైవ్ పెట్టినప్పుడు కూడా ఇంతే జరిగింది, గుర్తుందా? పట్టుకోలేదు. నీ చేతికి యంత్రాలు అచ్చిరావులే అక్కా అన్నావు. అందుకే ఈసారి ఏకంగా లోపలే బిగించాను. నువ్వు పెట్టిన కంప్యూటరే కాబట్టి దాని జాతకం నీకే తెలుస్తుంది. ఏం చెయ్యాలో వరసగా రాయి.

మీ అక్క


కొండ మీది వాతావరణ కేంద్రం, పరికరాల గది,
జూన్ 13

అక్కా,

నీ ఉత్తరం తపాలా జీపులో నిన్న వచ్చింది. ఇక్కడ గాలి మొదలైంది. గాలి వేగం కొలిచే ఆయనా, నేనూ, వంటాయనా, ముగ్గురమే మనుషులం. చలికి నా స్వెటరు మోచేతుల దగ్గర చిరిగిపోయింది. నిన్ను తలుచుకున్నాను.

డిస్కు సంగతి. కరెంటు వైరు చివరిదాకా దిగిందో లేదో చూడు. డేటా కేబులు ఒక్కోసారి పైకి బాగానే కనిపించి లోపల తెగి ఉంటుంది, వేరేది పెట్టి చూడు. డిస్కు మీద అరచెయ్యి పెట్టు. సన్నగా వణికితే కరెంటు అందుతున్నట్టు, చల్లగా పడి ఉంటే అందనట్టు. ఇంతకు మించి ఏమీ కెలకవద్దు. ముఖ్యంగా ఆన్ చేసేటప్పుడు ఏవేవో మీటలు నొక్కి వేరే స్క్రీన్లలోకి వెళ్లకు, ఉన్నది కూడా పోతుంది.

ఒకవేళ కుదరకపోతే బాధపడకు. కొందరికి యంత్రాలు అచ్చిరావు, అందులో చిన్నతనమేముంది? అన్నయ్య చెవిన ఒక మాట వేస్తే మంచిదేమో, ఆలోచించు. మనల్ని పెంచిన మనిషి.

తమ్ముడు


కటింగు గది,
జూన్ 24

చిన్నోడా,

నువ్వు చెప్పినవన్నీ చేశాను. కరెంటు వైరు బొటనవేలు నొప్పెట్టేదాకా నొక్కాను. చెయ్యి పెడితే డిస్కు వణుకుతోంది, భయపడ్డ పిల్లిపిల్లలాగా. అంటే ప్రాణం ఉంది. కేబులు మార్చమన్నావు, వేరేది ఎక్కడిది? పాత డిస్కు కేబులు పీకి, అటు చివర మదర్‌బోర్డులో ఎక్కడుందో అక్కడే ఉంచి, ఇటు చివర కొత్తదానికి పెట్టాను. కంప్యూటరు నల్లబడి, సిస్టం దొరకలేదని తెల్లక్షరాల్లో ఏదో రాసింది. మళ్లీ దేని కేబులు దానికి పెట్టి, పాతది లేచేదాకా ఊపిరి పీల్చలేదు.

సరిగ్గా అప్పుడే అన్నయ్య వచ్చాడు. నీకు తెలుసుగా, ఈ గదికి రెండు తలుపులు, రెండూ హాల్లోకే. కిటికీకి ఎదురుగా పక్కింటి గోడ. దారాల అలమర వెనక తప్ప దాక్కునే చోటు లేదు, అక్కడ కూడా నా ఒళ్లు పట్టదు.

"రేకెందుకు విప్పావు?" అన్నాడు.

"దుమ్ము పట్టింది, తుడుస్తున్నా."

"నీకెందుకమ్మా ఆ గొడవ? నీకు అసలే యంత్రాలు అచ్చిరావు. తమ్ముడు వచ్చినప్పుడు చూస్తాడు" అని, నేను కూర్చునే స్టూలు మీదకి కొత్త దిండు తెచ్చి వేసి వెళ్లాడు. నడుము నొప్పి అంటున్నానని గుర్తు పెట్టుకుని తెచ్చాడురా. తిట్టి ఉంటే బాగుండేది. ఆ దిండు మీద కూర్చుంటే కాళ్లకు సంకెళ్లు వేసినట్టుంది నాకు.

అన్నయ్య చెవిన వెయ్యమన్నావు. చెవిన వేస్తే ఏమవుతుందో చెప్పనా? వదిన కళ్లనీళ్లు పెట్టుకుంటుంది. అన్నయ్య రెండు రోజులు సరిగ్గా తినడు. మూడో రోజున నేనే "ఊరికే అన్నాలే" అంటాను. పంజరం తలుపు తెరిచే ఉంటుంది, మనమే మొహమాటానికి లోపల కూర్చుంటాం.

మొన్న కొత్తగా ఒకాయన వచ్చాడు, కుడి చెయ్యి మోచేతి దాకానే ఉంది. తనే ఇంట్లో కొలుచుకుని చీటీ రాసుకొచ్చాడు. నేను చించేశాను. ఎవరి కొలత వాళ్లు తీసుకోకూడదు, పొట్ట లోపలికి లాక్కుని టేపుకి కూడా అబద్ధం చెబుతారు. ఈ పనిలో నాకు తెలిసిన మొదటి సూత్రం అదే. రెండోది కుడి ఎడమలు. నాన్న ఎదురుగా నిలబడి తన ఎడమ చేతివైపు ఉన్నదాన్ని ఎడమ అని రాసుకునేవాడు. ఆ లెక్క తెలియక మొదట్లో గూని మాస్టారి పాత కొలతలు చూసి పల్లపు భుజానికి పెట్టాల్సిన మెత్త ఎత్తు భుజానికి కుట్టేశాను. పాపం, పెళ్లికి వేసుకెళ్లి గూని మీద ఇంకో గూనితో తిరిగొచ్చాడు. అప్పటినుంచి వేసుకునేవాళ్ల కుడే నాకు కుడి.

నా ఎడమ భుజం కురచ కదా. అందుకేనేమో ఇలాంటివాళ్ల ఒళ్లు నాకు తొందరగా అర్థమవుతాయి. ఈ ఒక్క ఉద్యోగం నాకు కావాలిరా. ఇంకేమీ అడగను. ఏం చెయ్యాలో చెప్పు.

అక్క


పరికరాల గది,
జూలై 3

అక్కా,

ఆలస్యమైంది, ఏమీ అనుకోకు. వానలు పట్టాయి. వాన కొలిచే గాజు గొట్టం పగిలితే కొత్తది వచ్చేదాకా గిన్నెలో పట్టి కొలిచాం. గాలి కొలిచే ఆయన చదరంగంలో రోజూ నన్ను ఓడిస్తున్నాడు. మనిషి మాత్రం నిప్పులాంటివాడు. ఒక అంకె అటూ ఇటూ రాయమన్నా రాయడు.

నాకు తోచింది చెబుతాను. డిస్కే చెడిపోయి ఉంటుంది. వణికినంత మాత్రాన బాగున్నట్టు కాదు. విప్పి, జాగ్రత్తగా చుట్టి నాకు పంపు. ఇక్కడ పరీక్షించి, అవసరమైతే మార్పించి పంపుతాను. నెలో నెలన్నరో పడుతుంది.

ఈలోగా ఆ డాక్టరమ్మను ఒక రెండు నెలలు ఆగమని అడగలేవా? పెద్దమనిషిలా ఉంది, కాదనదు. తొందరపడి అటు ఉద్యోగం రాక, ఇటు ఇంట్లో మనస్పర్థలు వచ్చి, రెంటికీ చెడ్డ రేవడివి అవుతావేమోనని నా భయం. నీ మంచికే చెబుతున్నాను.

తమ్ముడు


కటింగు గది,
జూలై 19

తమ్ముడూ,

డిస్కు నీకు పంపడం లేదు. బాగానే ఉంది.

పంపాలనే చుట్టాను. బొత్తాలాయన చేతిలో పెడితే ఆయన, "అంత దూరం దేనికమ్మా, మా ఆవిడ దుకాణంలో పెట్టి చూద్దాం" అన్నాడు. వాళ్లావిడ ఫోటోలు ప్రింటు చేసే కొట్టు నడుపుతుంది. గుడ్డలు తీసుకొస్తానని ఇంట్లో చెప్పి వెళ్లాను. ఆవిడ డిస్కు తన కంప్యూటర్‌కి తగిలించిన మరుక్షణం కనిపించింది. కొత్త డిస్కు కదా, ఇంకా వాడకానికి సిద్ధం చెయ్యలేదంటూ ఏదో అడిగింది. ఆవిడ ఒక మీట నొక్కి, ఏం పేరు పెట్టమంటావని నన్ను అడిగింది. "కొలతలు" అని పెట్టించాను. కనిపించని డిస్కు చిటికెలో కనిపిస్తే నాకు కళ్లనీళ్లు వచ్చాయి. ఆవిడ మంచినీళ్లు ఇచ్చింది.

అంటే లోపం డిస్కులో లేదు, నా చేతిలోనూ లేదు. ఇంటికి వచ్చి అట్టపెట్టెలన్నీ వెతికి మన కంప్యూటర్ పుస్తకం తీశాను. మదర్‌బోర్డు మీద ఏ సాకెట్ పనిచేయాలో, ఏది చేయకూడదో చెప్పే పేజీ ఒకటి ఉంటుందని, ఆన్ చేసేటప్పుడు ఒక మీట నొక్కితే అది వస్తుందని రాసి ఉంది. నువ్వు నొక్కవద్దన్న మీట. నొక్కాను. నీలం రంగు స్క్రీను వచ్చి, తాళం మాట, అదే పాస్‌వర్డు, చెప్పమంది.

అన్నయ్యకి మౌసు ఎటు పట్టుకోవాలో తెలియదు. వదినకి ఆ పెట్టె మీద గుడ్డ కప్పడం తప్ప ఇంకేమీ పట్టదు. మరి తాళం వేసిందెవరు?

పుస్తకం చివరి అట్ట లోపల పెన్సిలుతో సాకెట్ల అంకెలు రాసి ఉన్నాయి. "2 వద్దు, 3 వద్దు, 4 వద్దు. పెన్‌డ్రైవులు వద్దు." కింద తారీఖు, ఆరేళ్ల కిందటిది. నాలుగు అంకెని తలకిందులైన కుర్చీలా రాసేవాడు ఈ ఇంట్లో ఒక్కడే. నీకు అంకెలు దిద్దించింది నేనేరా.

ఆ తారీఖు కూడా నాకు గుర్తుంది. స్కూలు యూనిఫారాల కంపెనీ నన్ను రమ్మన్నది ఆ వారమే. పెన్‌డ్రైవ్ పెట్టి చూసి, పట్టుకోకపోతే, నా వల్ల కాదులే అని ఊరుకున్నది కూడా అప్పుడే.

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, కెలకవద్దు, నొక్కవద్దు, ఆగమను, పంపెయ్యి అంటూ నువ్వు రాసిన రెండు ఉత్తరాలూ పక్కపక్కన పెట్టుకుని చదివాను. ఎక్కువ రాయను. నువ్వు కాదని ఒక్క ముక్క రాయి. నమ్ముతాను. నమ్మాలని ఉంది.

అక్క


పరికరాల గది,
జూలై 30

అక్కా,

నేనే.

నాలుగు కాగితాలు చింపి ఇది రాస్తున్నాను. ఎలా మొదలుపెట్టినా అదే మాట దగ్గరికి వస్తోంది.

ఆరేళ్ల కిందట అన్నయ్య నన్ను మేడ మీదికి పిలిచాడు. "చుట్టుపక్కల కొట్ల వాళ్లు పెన్‌డ్రైవులు పెట్టి డిజైన్లు ఎత్తుకుపోతున్నారట, మన పెట్టెకి ఏదైనా తాళం వెయ్యరా" అన్నాడు. సరే అన్నాను. తరవాత మెట్లు దిగుతుండగా ఇంకో మాట అన్నాడు. "కంపెనీవాళ్లు దాన్ని రమ్మన్నారు. అది పోతే ఈ కొట్టు ఉండదురా." అప్పుడు తెలిసింది తాళం ఎవరి కోసమో. తెలిసే వేశాను. ఇంటి దొంగని పట్టుకోవడానికి కాదు, ఇంటి మనిషిని కట్టెయ్యడానికి.

ఆ వారంలోనే నాకు ఈ ఉద్యోగం వచ్చింది. అన్నయ్య దగ్గర సూట్లు కుట్టించుకునే పెద్దాయన ఒక మాట చెబితే వచ్చింది. దానికీ దీనికీ సంబంధం లేదని ఆరేళ్లుగా నాకు నేనే చెప్పుకుంటున్నాను. తాళం వేసి నేను బయటపడ్డాను. నువ్వు లోపలే ఉండిపోయావు. బయట అంటే ఇదిగో, ఈ కొండ. మూడు గదులు, మంచు, అద్దాల వెనక సూదులు. ఇక్కడినుంచి కిందికి రావాలంటే నాకు నీ మొహం చూడటం భయం. అందుకే నాలుగు సెలవులు వచ్చినా రాలేదు.

నువ్వు పెన్‌డ్రైవ్ పట్టుకుని నా దగ్గరికి వచ్చి "ఎందుకు పట్టుకోవట్లేదురా?" అని అడిగినప్పుడు, ఆ ఒక్క క్షణం నిజం చెప్పి ఉండవచ్చు. "నీకు యంత్రాలు అచ్చిరావు" అన్నాను. నోటికి వచ్చింది అనేశాను. నువ్వు నమ్మేశావు. మొన్న జూన్‌లో మళ్లీ అదే రాశాను. తాళం వేసిన పాపం ఒక ఎత్తు, ఆ మాట ఒక ఎత్తు.

తాళం మాట చెబుతాను. ఎవరూ ఊహించలేనిది ఏదైనా చెప్పమంటే అన్నయ్య నాన్న కొలతల పుస్తకం తీశాడు. నీ పదేళ్లప్పటి పేజీ. "ఇది లోకాన్నంతా కొలుస్తుంది గానీ తనని ఎవరినీ కొలవనివ్వదు. దాని భుజాల కొలతే పెట్టు" అన్నాడు. ఎడమ, తరవాత కుడి, వరసగా చదివాడు, నేను కొట్టాను. ఒకటి తొమ్మిదింబావు సెంటీమీటర్లు, ఒకటి పది. నీ ఎడమ భుజం కురచ కాబట్టి ముందు 925, తరవాత 10. మధ్యలో ఖాళీ లేదు.

లోపలికి వెళ్లాక సాకెట్ల జాబితా ఉంటుంది. రెండు, మూడు, నాలుగు అంకెల పక్కన పనిచేయవద్దని ఉంటుంది. పనిచేయమని మార్చి, సేవ్ చేసి బయటికి రా. అంతే పని. రెండు నిమిషాలు.

క్షమించమని అడగడానికి మొహం లేదు.

తమ్ముడు

ఆగస్టు 16. ఇది ఇంకా నా బల్ల మీదే ఉంది. కింద దారి కొట్టుకుపోయింది, జీపు రావడం లేదు. ఆఫీసు ఫోను తీగ కూడా తెగింది. నీకు గడువు పదిహేను రోజులే ఉందని తెలుసు. గాలి కొలిచే ఆయనతో నేను చేసిందంతా చెప్పేశాను. ఆయన చదరంగం బల్ల మూసేసి, "అయితే రేపు నడిచి దిగుదాం పద" అన్నాడు. రెండు రోజుల నడక. కింద తపాలా పెట్టెలో నా చేత్తో వేసి పైకి వస్తాను.


ఆసుపత్రి కుట్టు విభాగం, రెండో అంతస్తు,
సెప్టెంబరు 14

తమ్ముడూ,

పై చిరునామా చూశావుగా. జరిగింది చెబుతాను.

నీ ఉత్తరం ఆగస్టు ఇరవై ఆరున అందింది. బొత్తాలాయన ఈసారి నవ్వలేదు, అట్ట చేతిలో పెట్టి నిలబడ్డాడు. బాత్రూములో గడియ పెట్టుకుని చదివాను. చదివి, కాసేపు పంపు తిప్పి ఏడ్చాను. తరవాత మొహం కడుక్కుని వచ్చి గూని మాస్టారి కొత్త చొక్కా కత్తిరించాను. కోపం అంత ఉంటే చెయ్యి నిలకడగా ఉంటుందని అప్పుడే తెలిసింది.

ఆదివారం అన్నయ్యా వదినా, వదిన పుట్టింటికి వెళ్లారు, సాయంత్రానికి గానీ రామన్నారు. వాళ్లు వీధి మలుపు తిరగ్గానే నీలం స్క్రీను తెచ్చి నువ్వు చెప్పింది కొట్టాను. తప్పంది. మళ్లీ కొట్టాను. తప్పంది. మూడోసారి తప్పితే పెట్టె బిగుసుకుపోతుందేమోనని చెయ్యి వెనక్కి తీసుకున్నాను. ఒక్క నిమిషం, నువ్వు ఇప్పుడు కూడా అబద్ధమే రాశావేమో అనుకున్నాను. అబద్ధం చెప్పేవాడు రెండు రోజులు నడుస్తాడా అని మళ్లీ నేనే అనుకున్నాను.

అప్పుడు నాన్న గుర్తొచ్చాడు. నా ఎదురుగా మోకాళ్ల మీద కూర్చుని, నోట్లో గుండుసూదులతో టేపు పట్టుకున్న నాన్న. తన ఎడమ చేతివైపున్నది నా కుడి భుజం. ఎడమ అని రాసిన చోట నా కుడి కొలతే ఉంటుంది! అన్నయ్య చదివిందీ, నువ్వు కొట్టిందీ అదే. నా ఒంటిని చూసి లెక్క వేసి నువ్వు తిరగేసి చెప్పావు. ముందు 10, తరవాత 925 కొట్టాను. తెరుచుకుంది.

సాకెట్లు మార్చాను. బయటికి వచ్చాను. పాత డిస్కు కింద "కొలతలు" అని ఇంకో డిస్కు వచ్చి కూర్చుంది. ఆరేళ్ల తాళం విప్పడానికి రెండు నిమిషాలే పట్టింది, నువ్వు చెప్పినట్టే.

నకలు సగం దాటిందో లేదో, వాన వస్తుందని అన్నయ్య తొందరగా వచ్చేశాడు. ఒక తలుపులో అన్నయ్య, ఇంకో తలుపులో వదిన. స్క్రీను మీద ఆకుపచ్చ గీత మెల్లగా జరుగుతోంది.

"ఏమిటది?" అన్నాడు.

"నా పని. నకలు తీసుకుంటున్నా."

"ఆ డిస్కు ఎవరు పెట్టారు?"

"నేనే పెట్టాను."

"నీకు యంత్రాలు..." అని సగంలో ఆగిపోయాడు. ఆ వాక్యం పూర్తి చెయ్యలేక గోడ మీది స్విచ్చు మీద చెయ్యి వేశాడు.

"ఆపేస్తే పాతది కూడా పాడవుతుందేమో అన్నయ్యా. అందులో నీ కొట్టు ఉంది" అన్నాను. నిజంగా పాడవుతుందో లేదో నాకు తెలియదు. చెయ్యి అక్కడే ఉంచాడు.

"తమ్ముడు చెప్పాడా?"

"చెప్పాడు. ఆసుపత్రిలో చేరుతున్నాను, ఒకటో తారీఖున. ఇక్కడిది ఒక్కటీ చెరపను. అన్నీ నీకే ఉంటాయి. కత్తిరించేవాళ్లని పెట్టుకో."

అన్నయ్య నా స్టూలు మీద, ఆ కొత్త దిండు మీద కూర్చున్నాడు. "ముప్ఫై ఏళ్లుగా బోర్డు మీద నా పేరే ఉంది. నాకు కత్తిరించడం రాదు, నీకు తెలుసుగా" అన్నాడు. నాకు తెలుసు. ఈ ఇంట్లో అందరికీ తెలుసు. ఎవరమూ ఎప్పుడూ పైకి అనలేదు. నాకు జాలి వేసిందిరా. అలాంటి జాలి కలిగినప్పుడే ఇన్నేళ్లూ "ఊరికే అన్నాలే" అన్నాను. ఈసారి అనలేదు. గీత చివరికి చేరేదాకా నిలబడే ఉన్నాను. అన్నయ్య స్విచ్చు నొక్కలేదు. వెళ్లు అనలేదు, వద్దు అనలేదు. చూద్దాంలే అని మాత్రం అనలేదు.

వదిన ఏడుస్తుందనుకున్నాను. నా పెట్టె సర్దేటప్పుడు పెద్ద కత్తెర తెచ్చి ఇచ్చి, "ఇది నీ చేతికే అలవాటు" అంది.

ఇక్కడ కిటికీలోంచి వీధి కనిపిస్తుంది. మూడు వందల ప్యాట్రన్లు చూశాక డాక్టరమ్మ అద్దాలు తీసి తుడుచుకుంది. ఇక్కడి కంప్యూటర్‌కి రెండో డిస్కు ఎవరు పెడతారంటే నేనే పెట్టాను. మొదటిసారికే కనిపించింది.

ఇక నీ సంగతి. కోపం పోలేదు. ఆరేళ్లపాటు వదిన స్కూటరు నేర్చుకోమంటే నాకు యంత్రాలు అచ్చిరావన్నాను. బ్యాంకులో మీట నొక్కాలన్నా వెనక నిలబడినవాళ్లని బతిమాలాను. తాళం పెట్టెకి వేశావు, సరే. ఆ మాట నాకు వేశావు. అది విప్పుకోవడానికి ఇంకా చాలా రోజులు పట్టేలా ఉంది.

చలి అన్నావు, స్వెటరు చిరిగిందన్నావు. ఇక్కడ మందమైన ఉన్ని గుడ్డ దొరికింది, కోటు కుడతాను. నీ పాత ప్యాట్రను నా డిస్కులో ఉంది గానీ అది నువ్వు ఇల్లు వదిలినప్పటిది, ఇప్పటి నీ ఒంటికి సరిపోదు. కొత్త కొలతలు పంపు. నువ్వు కొలుచుకోకు. ఆ గాలి కొలిచే ఆయన చేత కొలిపించి, ఆయన చేతే రాయించి, కింద ఆయన చేతే సంతకం పెట్టించు. నీ మాట మీద గుడ్డ కత్తిరించే ధైర్యం నాకింకా రాలేదు.

అక్క